దాడి వార్తల్లో పక్షపాతం ఎక్కడ దూరుతుంది?

హింసాత్మక దాడుల వార్తల్లో మీడియా నిజంగా పక్షపాతం చూపుతుందా, లేక అది చదివేవాళ్ల అనుమానమేనా అని అడిగారు. ఒక పత్రికలో రాత్రి డెస్కు మీద అంతర్జాతీయ వార్తలు చూసినవాడిగా చెబుతున్నాను, చూపుతుంది. అయితే చాలామంది అనుకున్నట్టు యాజమాన్యం ఫోన్ చేసి చెప్పడం వల్ల కాదు. (అలాంటి ఫోన్లూ వస్తాయి. దాడి జరిగిన రాత్రి మాత్రం వాటి అవసరమే ఉండదు.)

ఏజెన్సీ కాపీ, అంటే వార్తాసంస్థలు పంపే కథనం, ముక్కలు ముక్కలుగా వస్తుంటుంది. మృతుల సంఖ్య గంటగంటకూ మారుతుంది. ఎవరు చేశారో తెలియదు, ఎడిషన్ వదిలే వేళ మాత్రం ముంచుకొస్తుంది. ఆ ఖాళీని పాత అలవాటు పూడుస్తుంది. 2011 జులై 22న నార్వేలో 77 మంది హతమైనప్పుడు, హంతకుడెవరో తేలకముందే ఎందరో విశ్లేషకులు ఇస్లామిక్ ఉగ్రవాదుల వైపు వేలు చూపారు. బ్రిటన్ పత్రిక 'ది సన్' అల్ ఖైదా పేరుతోనే మొదటి పేజీ శీర్షిక పెట్టేసింది. తీరా చూస్తే చంపినవాడు బ్రేవిక్ అనే నార్వేజియన్, ముస్లింల వలసలను ద్వేషించే అతివాది. 1995లో ఓక్లహోమా సిటీ పేలుడు 168 మందిని బలిగొన్నప్పుడూ మొదటి అనుమానం పశ్చిమాసియా మీదికే పోయింది. పట్టుబడినవాడు అమెరికా మాజీ సైనికుడు.

ఇంతకన్నా సూక్ష్మమైనది నిందితుడి పరిచయ కథనం. డెస్కు మీద నేను ఎక్కువగా గమనించింది దీన్నే. ఎవరి విషయంలోనైనా విలేఖరి ఇరుగుపొరుగునే కలుస్తాడు, అడిగే ప్రశ్న మాత్రం మారిపోతుంది. ఒకడి గురించి 'చిన్నప్పుడు ఎలా ఉండేవాడు?' అని అడుగుతాడు. బడి ఫొటో, పోయిన ఉద్యోగం, తల్లి కన్నీళ్లు కాపీలోకి వస్తాయి. ఇంకొకడి గురించి 'ఇంటికి ఎవరెవరు వచ్చేవారు?' అంటాడు. పక్కింటివాళ్లు ఇద్దరినీ నెమ్మదస్తులనే అంటారు. మొదటి కథనంలో అది మంచితనం, రెండో దానిలో గుట్టు. సరిచూస్తే ఒక్క వాస్తవమూ తప్పు ఉండదు, కాబట్టి దిద్దడానికి పెన్ను ఎక్కడ పెట్టాలో తెలియదు.

2006 నుంచి 2015 వరకు అమెరికాలో జరిగిన 136 ఉగ్రదాడులను పరిశోధకులు పరిశీలించారు. మృతుల సంఖ్య, దాడి లక్ష్యం వంటివి లెక్కలోకి తీసుకున్నాక కూడా, ముస్లింలు చేసిన దాడులకు మిగతావాటికన్నా సగటున 357 శాతం ఎక్కువ ప్రచారం దక్కిందని తేల్చారు. ఇక దూరం సంగతి. 2015 నవంబరు 12న లెబనాన్ రాజధాని బీరుట్‌లో జంట పేలుళ్లు జరిగి నలభై మందికి పైగా పోయారు. మర్నాడు పారిస్ దాడుల్లో 130 మంది. బీరుట్ వార్తను దాచేశారనడం సరికాదు, వార్త వచ్చింది. పారిస్ మృతులకు దొరికినన్ని పేర్లు, ముఖాలు మాత్రం వాళ్లకు దొరకలేదు.

ఇప్పుడు పాఠకుడిగా నేను మొదటి రోజు కథనాన్ని పెద్దగా నమ్మను. 'అనుమానిస్తున్నారు' అన్న చోట అనుమానించింది ఎవరో రాశారా అని చూస్తాను. వారాల తర్వాత సవరణ ఏ పేజీలో, ఎంత అక్షరంలో వచ్చిందో వెతుకుతాను. 2013 బోస్టన్ మారథాన్ పేలుళ్లప్పుడు 'న్యూయార్క్ పోస్ట్' ఇద్దరు యువకుల ఫొటోను మొదటి పేజీ నిండా పరిచింది. పేలుళ్లతో వాళ్లకు ఏ సంబంధమూ లేదు. చివరికి ఆ యువకులు పత్రిక మీద పరువునష్టం దావా వేసుకోవలసి వచ్చింది.