మీ అన్న ఇంటికొచ్చే ముందు

తమ్ముడూ,

వచ్చే నెల మీ అన్న చర్లపల్లి జైలు నుంచి విడుదలవుతున్నాడని తెలిసి సంతోషించాను. మత్తు మాన్పించే వార్డుల్లో ఏళ్ల తరబడి కౌన్సెలర్‌గా పనిచేసినవాడిగా ఒక్కటే గట్టిగా చెప్తున్నా, ఆ రోజు దావత్ పెట్టకు. "ఇన్నాళ్లకు వచ్చాడు, ఒక్క పెగ్గు పోయండి" అనే బంధువు ఎవరో ఒకరు ఉంటారు. అతన్ని గుమ్మం దగ్గరే ఆపు.

ఇన్నేళ్లు మత్తు ముట్టని ఒంటికి పాత తట్టుకునే శక్తి ఉండదు. ఒకప్పుడు తాగిన మోతాదే మళ్లీ తాగి, పైన నిద్రమాత్రలు కూడా వేసుకుంటే ఊపిరే ఆగిపోవచ్చు. అందుకే మొదటి రెండు వారాలు నాకు చాలా భయం. ఆ రోజుల్లో ఎవరో ఒకరు తోడుండండి. ఒకవేళ తాగొచ్చి పడిపోతే తిట్లు తర్వాత, ముందు పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఎంత లేపినా లేవకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా వెంటనే 108కి ఫోన్ చేయండి.

తాగుడు మాన్పించడానికి కూరలో తెలియకుండా కలిపే మందు గురించి మీ వదిన అడుగుతోందన్నావు. వద్దని చెప్పు. అందులో డైసల్ఫిరామ్ (తాగితే ఒంటికి పడకుండా చేసే మందు) ఉంటే, అది కడుపులో ఉండగా తాగినవాడికి బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పైగా సంగతి తెలిశాక ఇంట్లో ముద్ద ముట్టడు. మందు కావాలంటే అతని ఇష్టంతో, డాక్టరు చూసి ఇవ్వాలి. ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి అడిగి తీసుకెళ్లు. రానంటే నువ్వే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేసి మాట్లాడు, అది ఉచితం.

పాత సిమ్ ఈపాటికి పోయి ఉంటుంది, ఆధార్ ఓటీపీ రాదు. ముందు ఆధార్ సెంటర్‌లో కొత్త నంబరు ఎక్కించండి. రెండేళ్లు లావాదేవీలు లేకపోతే బ్యాంకు ఖాతా ఆగిపోతుంది, కేవైసీ ఇచ్చి తెరిపించాలి. ఆ కొత్త నంబరు పాత జట్టుకు చేరనివ్వకు. జైల్లో చేసిన పనికి వచ్చిన కూలి మాత్రం అతని చేతికే ఇవ్వండి. కష్టపడి సంపాదించుకున్నాడు, లెక్కలు అడగొద్దు.

పని దొరకడం కష్టమే. జైళ్ల శాఖ పెట్రోల్ బంకుల్లో విడుదలైనవాళ్లకు పని ఇచ్చిన సందర్భాలున్నాయి, వచ్చే ముందే వెల్ఫేర్ ఆఫీసర్‌ని అడుగు. ఇంకెక్కడైనా చేరితే కేసు సంగతి యజమానికి మొదటిరోజే చెప్పమను.

గేటు దగ్గరికి నువ్వే వెళ్లు, వైన్ షాపు లేని దారిలో తీసుకురా. ఎర్రగడ్డకు మొదటిసారి నేనూ వస్తాను, ఏ రోజో ఫోన్ చెయ్యి.

ఆశీస్సులతో,
మీ పెద్దన్న