సాయంత్రం ఏడింటి వెలుతురుకి ఏ పీప్ పెట్టాలి?

విల్లు–బాణం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మేముండేది మిషిగన్‌లోని ట్రాయ్. నాకు నలభై ఏడేళ్లు. రెండేళ్ల క్రితం కాంపౌండ్ విల్లు (కొసల్లో చక్రాలున్నది) పట్టాను, హంటర్ సేఫ్టీ కోర్సు కూడా పూర్తయింది. ఈ అక్టోబర్‌లో మొదటిసారి జింక వేటకు వెళ్తున్నాను. షాపులో ఐదు పిన్నుల సైట్ (విల్లుకి బిగించే గురి పరికరం, ఒక్కో దూరానికి ఒక్కో పిన్), 1/8 అంగుళం పీప్ (నారిలో బిగించే, గురిచూసే చిన్న కంత) బిగించి ఇచ్చారు. సైట్ హౌసింగ్, అంటే పిన్నుల చుట్టూ ఉన్న చట్రం, రెండంగుళాలు. పగలు 30 గజాల దగ్గర బాణాలన్నీ అరచేతి వెడల్పులో పడుతున్నాయి. మొన్న పొద్దుగూకాక, సాధన చేసే అదే రేంజ్‌లో గురిచూస్తే పీప్‌లో ఏమీ కనిపించలేదు. పిన్నులు కూడా అలుక్కుపోయినట్టున్నాయి. సైట్ మార్చాలా, పీప్ మార్చాలా? పెద్ద పీప్ పెడితే గురి చెడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకుడు, ట్రాయ్

జవాబు: ముందు పీప్ మార్చండి. సైట్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

మీ షాపువాళ్లు తప్పు చేశారని అనను. పగటి వెలుతురులో కాగితం టార్గెట్ మీద వేసేవాళ్లకి 1/8 బాగానే ఉంటుంది. కానీ జింక మిట్టమధ్యాహ్నం వచ్చి నిలబడదు కదా. మిషిగన్‌లో వేటకు అనుమతి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా. ఓక్ కాయలు రాలే చోటికి అవి ఎక్కువగా వచ్చేది ఆ మొదటి, చివరి ముప్పావుగంటల్లోనే. మీ సామాను సరిపోవాల్సింది ఆ వెలుతురుకి.

ఇది నేను నేర్చుకున్న తీరు చెప్పకుండా ఉండలేను. మొదటి సీజన్‌లో నా విల్లుకీ 1/8 పీపే ఉండేది. అక్టోబర్ రెండో వారం, సాయంత్రం ఏడుంబావు. 22 గజాల్లో ఆడ జింక పక్కకి తిరిగి నిలబడింది. మామూలుగా చూస్తే దాని చెవి కదలడం కూడా కనిపిస్తోంది. నారి లాగి, దవడ కింద చెయ్యి ఆనించి పీప్‌లోంచి చూస్తే నల్లటి చుక్క, అంతే. ఆ క్షణంలో విల్లు దించెయ్యాలి. నేను దించలేదు. తల కాస్త పక్కకి జరిపి, పీప్ బయట నుంచి పిన్ చూసి వదిలేశాను. బాణం పొట్టలో తగిలింది. పొట్టలో తగిలిన జింకని వెంటనే వెంబడిస్తే ఇంకా దూరం పోతుంది. అందుకని రాత్రంతా ఆగి, తెల్లారాక వెతికాను. రెండు వందల గజాల అవతల, వాగు పక్క గడ్డిలో పడి ఉంది. ఎన్ని గంటలు ప్రాణంతో కొట్టుకుందో. ఆ సంగతి ఇవాళ్టికీ నన్ను వదల్లేదు. పీప్ గురించి ఎవరడిగినా ఇంత వివరంగా చెప్పేది అందుకే.

పీప్ నల్లబడటానికి అసలు కారణం మన కంటి పాప. ఎండలో అది రెండు, మూడు మిల్లీమీటర్లకు ముడుచుకుంటుంది. చీకటి పడేకొద్దీ విచ్చుకుంటుంది, మన వయసువాళ్లకి దాదాపు ఐదు మిల్లీమీటర్ల దాకా. 1/8 అంగుళం అంటే మూడు మిల్లీమీటర్ల పైన, ధనియం గింజంత. పాప ఐదుకి విచ్చుకున్నా ఆ కంత మూడుకే దారి ఇస్తుంది. పగలు పాపే మూడు దాటదు కాబట్టి తేడా తెలియదు, సాయంత్రం తలుపు మూసినట్టవుతుంది. 3/16 అంటే 4.8 మిల్లీమీటర్లు, మిరియం గింజంత. పావంగుళం అంటే ఆరు పైచిలుకు, ఎండు బఠాణీ అంత. వైశాల్యం లెక్కన పావంగుళం కంత మీ 1/8కి నాలుగు రెట్లు. అందులో మీ పాప పట్టినంత వెలుతురే లోపలికి పోతుంది, కానీ కంత మాత్రం ఇక అడ్డుపడదు.

ఇక గురి చెడుతుందన్న భయం. పిన్‌ని పీప్ మధ్యలో పెట్టి కొడుతుంటే ఆ భయం నిజమే. పెద్ద కంతలో నడిమధ్య ఎక్కడో కన్ను అంచనా కట్టలేదు. అలా చెయ్యకండి. సైట్ చుట్టూ ఉన్న గుండ్రటి చట్రం, అదే హౌసింగ్, దాన్ని పీప్ గుండ్రంలో అమర్చండి. పెనం మీద దోసె పోసినట్టు: దోసె చుట్టూ పెనం అంచు సన్నగా, అన్ని వైపులా ఒకేలా కనపడాలి. ఒక గుండ్రంలో ఇంకో గుండ్రం కొంచెం పక్కకి జరిగినా మన కన్ను ఇట్టే పట్టేస్తుంది. ఆ తర్వాత 20 గజాల పిన్ పైన ఉన్నా, 40 గజాల పిన్ కింద ఉన్నా పర్వాలేదు. ఏ పిన్ కావాలో దాన్ని జింక మీద పెట్టడమే.

అందుకే పీప్ సైజు ఒక్కదాన్నే విడిగా ఎంచుకోవడం కుదరదు. అది హౌసింగ్‌కి జోడీ. లెక్క తేలికే. నారి పూర్తిగా లాగినప్పుడు కంటికీ పీప్‌కీ మధ్య సుమారు నాలుగంగుళాలు, కంటికీ సైట్‌కీ మధ్య సుమారు ముప్పై. ముప్పై అంగుళాల దూరంలో ఉన్న రెండంగుళాల చట్రాన్ని నాలుగంగుళాల దగ్గర కప్పాలంటే పావంగుళానికి కాస్త పైన కావాలి. చట్రం అంగుళంముప్పావు అయితే పావంగుళానికి కాస్త లోపల. పాపకి కూడా వెడల్పు ఉంది కాబట్టి నిజానికి లెక్కకంటే కొంచెం ఎక్కువే కనిపిస్తుంది. మీ రెండంగుళాల హౌసింగ్‌కి పావంగుళంతో మొదలుపెట్టండి. కంత ముక్క మరతో తిప్పి మార్చుకునే పీప్‌లు వస్తాయి, అదే కొనండి. విల్లుని ప్రెస్‌లో (నారి వదులు చేసే యంత్రం) పెట్టాల్సింది మొదటిసారి బిగించేటప్పుడే, తర్వాత ఇంట్లోనే 3/16 పెట్టి చూసుకోవచ్చు.

సరిపోయిందో లేదో రేంజ్‌లో చూసే పద్ధతి ఇది. టార్గెట్ ఎదురుగా నిలబడి, బాణం తొడిగే నారి లాగండి. బాణం లేకుండా లాగి చెయ్యి జారితే విల్లు పగులుతుంది. కళ్లు మూసుకుని లాగండి, ఎప్పటిలా యాంకర్ పెట్టండి, అంటే దవడ దగ్గర ఎప్పుడూ ఆనించే చోటే చెయ్యి ఆనించండి, ఇప్పుడు కళ్లు తెరవండి. మెడ కదపకుండా చట్రం పూర్తిగా కనిపించి, చుట్టూ సన్నటి వెలుగు గీత ఉండాలి. చట్రం అంచు తెగిపోతే కంత చిన్నది. చుట్టూ చెట్లు, ఆకాశం అన్నీ కనిపిస్తే పెద్దది. మెడ వంచితేనే కనిపిస్తోందంటే సైజు తప్పు కాదు, నారి మీద పీప్ ఎత్తు తప్పు. ఇదే పని సూర్యుడు దిగిపోయాక ఇరవై నిమిషాలకి, వేటకు వేసుకునే దళసరి జాకెట్టూ మొహం మాస్కూ వేసుకుని మళ్లీ చెయ్యండి. మాస్క్ దళసరి వల్ల యాంకర్ మారిపోవడం నవంబర్ చలిలో నాకు అనుభవమే.

పిన్నులు అలుక్కుపోవడం చత్వారం. చిన్న కంతలోంచి చూస్తే దగ్గరి వస్తువు తేటగా కనిపిస్తుంది, అందుకే పగలు మీకు ఇబ్బంది తెలియలేదు. పావంగుళం పెట్టాక పిన్ కొంచెం మసకబారుతుంది. అయినా నేను అదే పెట్టమంటాను. కాస్త మసకగా ఉన్న పచ్చ చుక్కని తేటగా కనిపించే జింక మీద పెట్టొచ్చు, జింకే కనిపించకపోతే చెయ్యగలిగింది ఏమీ లేదు. భరించలేనంతగా ఉంటే పిన్నుని తేటపరిచే చిన్న అద్దం పీప్‌లో పెట్టుకోవచ్చు, దాన్ని వెరిఫయర్ అంటారు. వానలో, మంచులో దాని మీద ఒక్క చుక్క పడితే తుడుచుకునే టైమ్ ఉండదన్నది గుర్తుంచుకోండి.

సైట్ మార్చక్కర్లేదు. ఐదు పిన్నుల్లో కింది రెండూ తీసేయండి. మన అడవుల్లో 20, 30, 40 చాలు. మొదటి సీజన్‌లో 40 కూడా వాడొద్దనే అంటాను. 20 గజాలకి పచ్చ ఫైబర్ (వెలుతురు పట్టి మెరిసే సన్నటి తీగ) పిన్ ఉంచుకోండి. మసక వెలుతురులో ఎరుపు ముందు ఆరిపోతుంది, పచ్చ ఇంకాసేపు నిలబడుతుంది. పిన్ మందం .019 అంగుళం సరిపోతుంది. అది 40 గజాల దగ్గర కప్పేది అంగుళం కంటే తక్కువే.

ప్రశ్న: అన్నా, డల్లాస్ నుంచి రాస్తున్న. మా లీజులో (వేటకని కిరాయికి తీసుకున్న జాగ) ఫీడర్ (జింకలకి మేత వేసే డబ్బా) దగ్గర గ్రౌండ్ బ్లైండ్‌లో (దాక్కునే డేరా) కూర్చుంటం. ఒక్క పిన్ ఉండి చక్రం తిప్పి దూరం మార్చుకునే సైట్ కొందామనుకుంటున్న. మా దోస్తులు వద్దంటున్నరు. నీ మాటేంది?
— ఒక పాఠకుడు, డల్లాస్

జవాబు: తమ్ముడూ, నీ చోటికి అది బాగానే నప్పుతుంది. ఫీడర్ ఎన్ని గజాలో నీకు ముందే తెలుసు, జింక వచ్చేదీ అక్కడికే. పిన్ ఎప్పుడూ చట్రం నడిమధ్యనే ఉంటుంది, ఏ పిన్ పెట్టాలన్న తికమక ఉండదు.

మీవాళ్ల భయం కూడా ఊరికే రాలేదు. 20కి పెట్టుకుని నారి లాగావు, జింక నడుచుకుంటూ 35కి పోయింది. ఇప్పుడు చక్రం తిప్పడానికి చెయ్యి ఎక్కడిది? నా విల్లు బాణాన్ని సెకనుకు 270 అడుగుల వేగంతో వదులుతుంది. పిన్ 25 గజాలకి పెడితే, 20 దగ్గర బాణం అంగుళంన్నర పైన, 30 దగ్గర మూడంగుళాల లోపు కింద పడుతుంది. తెల్లతోక జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు ఎనిమిదంగుళాలు అనుకో, ఆ తేడా అందులో ఇమిడిపోతుంది. 35 దగ్గర మాత్రం ఆరంగుళాలకు పైగా కిందికి పోతుంది. అప్పుడు విల్లు దించెయ్. కూర్చోగానే 25కి తిప్పి పెట్టుకో, 30 దాటితే కొట్టనని ముందే అనుకో. మొన్న రేంజ్‌లో 50కి తిప్పిన చక్రాన్ని అట్లాగే మర్చిపోయి బ్లైండ్‌లో కూర్చున్నవాళ్లని చూశాను. కూర్చోగానే ఒకసారి దాని మీద వేలు పెట్టి చూసుకో.

ఇంకో సంగతి, మీ దోస్తులు చెప్పారో లేదో. బ్లైండ్ లోపల చీకటి. ఫైబర్ పిన్ తన చుట్టూ ఉన్న వెలుతురు తాగి వెలుగుతుంది, డేరాలో దానికి తాగడానికి ఏముంటుంది? బయట ఇంకా వెలుతురు ఉన్నా నీ పిన్ నల్లగా కనిపిస్తుంది. సైట్‌కి చిన్న లైట్ పెట్టుకోవచ్చు. కొన్ని రాష్ట్రాల్లో విల్లుకి ఎలక్ట్రానిక్ సామాను తగిలించకూడదు, కాబట్టి కొనేముందు ఈ ఏడాది రూల్స్ చదువుకో. లైట్ పెడితే బాగా తగ్గించి పెట్టు, లేకపోతే పిన్ చుట్టూ వెలుగు విచ్చుకుని జింకనే కప్పేస్తుంది. పీప్ పావంగుళానికి తగ్గొద్దు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మావారితోపాటు నేనూ ఈ ఏడు విల్లు మొదలుపెట్టాను. నాది బాగా పొట్టి విల్లు. ఆయన 3/16 పీప్‌లో చట్రం మొత్తం కనపడుతోందంటారు, అదే సైజులో నాకు అంచులు తెగిపోతున్నాయి. పైగా నాలుగు బాణాలకోసారి పీప్ పక్కకి తిరిగిపోతోంది.
— ఒక పాఠకురాలు, షార్లెట్

జవాబు: చెల్లెమ్మా, మీ కంటిలో లోపం ఏమీ లేదు. పొట్టి విల్లుకి నారి కోణం ఎక్కువ పదునుగా వంగుతుంది, దాంతో పీప్ కంటికి దూరంగా పోతుంది. దూరం పోయేకొద్దీ కంత చిన్నగా కనిపిస్తుంది. మీవారి కొలత మీకు పట్టకపోవడానికి కారణం అదే. పావంగుళం పెట్టించుకోండి, లేదా చట్రం చిన్నది తీసుకోండి. పీప్ కోసం మొహం ముందుకు తోయకండి. ముక్కు కొన నారికి తగిలీ తగలనట్టు ఉంచి, అక్కడికి పీప్ వచ్చేలా ఎత్తు సరిచేయించండి.

తిరిగిపోవడం నారిలోని పురి వల్ల. కొత్త నారి సాగి కుదురుకునేదాకా అలాగే ఉంటుంది. ఓ వంద, నూటయాభై బాణాలు వేశాక షాపులో సగం పురి అటో ఇటో వేయించుకుంటే నిలబడుతుంది. రబ్బరు గొట్టంతో లాగి పట్టే పీప్ కూడా ఉంది, తిరగడమన్నది ఉండదు. కాకపోతే ఆ రబ్బరు ఎండకీ చలికీ పెళుసెక్కి తెగుతుంది, ఏటా మార్చాలి.

ప్రశ్న: అయ్యా, మాది విజయవాడ. మా అమ్మాయికి పదమూడేళ్లు, అకాడమీలో కాంపౌండ్ ఆర్చరీ నేర్చుకుంటోంది. అమెరికాలో వేటకు వాడే సైట్, పీప్ మా బంధువులు పంపుతామంటున్నారు. పనికొస్తాయా? మా ఊళ్లో పందుల బెడదకి కూడా వాడొచ్చా?
— ఒక తండ్రి, విజయవాడ

జవాబు: రెండో మాట ముందు చెప్తాను. వద్దండీ. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. పందులు పంట పాడు చేస్తుంటే అటవీ శాఖకి అర్జీ పెట్టండి. పిల్ల విల్లుని అటువైపు తిప్పనివ్వొద్దు.

ఇక ఆట సంగతి. అమ్మాయి పెద్దయ్యాక వేసేది 50 మీటర్ల దూరంలో, 80 సెంటీమీటర్ల టార్గెట్ మీద. అందులో పది పాయింట్ల వలయం ఎనిమిది సెంటీమీటర్లే. మీ ఊరి జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌ఝౌ ఏషియన్ గేమ్స్‌లో మూడు స్వర్ణాలు గెలిచింది ఈ కాంపౌండ్‌లోనే. ఆ పోటీలకి పెద్దది చేసి చూపే అద్దం ఉన్న స్కోప్, నడుమ ఒక్క చుక్క, చాలా చిన్న కంత ఉన్న పీప్ కావాలి. నేను పైన ట్రాయ్ పాఠకుడికి చెప్పినదానికి పూర్తిగా తిరగేసి. పట్టపగలు వేస్తారు కాబట్టి వెలుతురుకి కొదవ లేదు, తేటగా కనిపించడమే ముఖ్యం. మూడు పిన్నుల వేట సైట్ ఆమెకి అడ్డమే అవుతుంది. బంధువుల్ని పంపొద్దనండి. స్కోప్, అందులో అద్దం పవర్ కోచ్‌గారు చెప్పినవే కొనండి. పీప్‌కి రెండు సైజుల కంతలు తీసుకుని, పొద్దున్న మబ్బుగా ఉన్నప్పుడొకసారి, మధ్యాహ్నం ఎండలో ఒకసారి ఒక్కోదానితో ముప్ఫై బాణాలు వేయించండి. ఏ కంతతో ఎన్ని పాయింట్లు వచ్చాయో అమ్మాయి చేతే నోట్‌బుక్‌లో రాయించండి.