ఊరికే ఉందని బి.ఎడ్.లో చేర్చకండి

ప్రశ్న: మా అమ్మాయి కావలిలో 2023లో బి.ఎస్సీ. (బీజెడ్‌సీ, అంటే వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు) పూర్తిచేసింది. అప్పటి నుంచి ఇంట్లోనే ఉంది. మేం బీసీలం. ఖాళీగా ఉంచేకంటే బి.ఎడ్. చేయించమని చుట్టాలు అంటున్నారు. చేర్చమంటారా?

జవాబు: అమ్మా, టీచరు కావాలని పిల్లకే ఉంటే చేర్చండి. కాలం గడవడానికైతే వద్దు. రెండేళ్లు పోతాయి. పైగా ప్రైమరీ టీచరు పోస్టుకు బి.ఎడ్. చెల్లదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఆ పోస్టుకు, అంటే ఎస్జీటీకి, ప్రైమరీ టీచర్ల శిక్షణ కోర్సు డి.ఎల్.ఎడ్. ఉండాల్సిందే. ఈ సంగతి తెలియక చేరి బాధపడుతున్న ఆడపిల్లలు చాలామంది.

ముందు మీ చుట్టుపక్కల చూడండి. అల్లూరు, విడవలూరు మొదలు ఒంగోలు పక్కన కొత్తపట్నం దాకా రొయ్యల గుంటలు, రొయ్య పిల్లల్ని పొదిగించే హేచరీలు, నీటినీ సీడు అనే ఆ పిల్లల్నీ పరీక్షించే ల్యాబులు ఉన్నాయి. బీజెడ్‌సీకి ఇంతకంటే దగ్గరి పని లేదు. కానీ అక్కడ మార్కుల మెమో చూసి తీసుకోరు, చేతికి బ్యూరెట్ (ద్రవాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం) ఇచ్చి చూస్తారు. 50 మి.లీ. నీటికి 0.02 నార్మల్ యాసిడ్ 6 మి.లీ. పడితే ఆల్కలినిటీ (నీటికి ఆమ్లాన్ని తట్టుకునే గుణం) లీటరుకు 120 మి.గ్రా. అని అక్కడికక్కడే చెప్పగలగాలి. నీటిలో వేసిన మిథైల్ ఆరెంజ్ రంగు పసుపు నుంచి నారింజకు తిరగగానే ఆపాలి, ఎర్రబడేదాకా వదిలితే లెక్క ఎక్కువ వస్తుంది. డిగ్రీ ప్రాక్టికల్స్‌లో రికార్డు చూసి రాసేసిన పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. మూడు నెలలు జీతం తక్కువైనా ఒక ల్యాబులో చేర్చి చేయి తిరగనివ్వండి. పీసీఆర్ (జన్యు పదార్థాన్ని బట్టి రోగాన్ని పట్టే పరీక్ష) కూడా ఉన్న చోటైతే మరీ మంచిది. వైట్‌స్పాట్, ఈహెచ్‌పీ అనే రొయ్యల రోగాల పరీక్షలు వచ్చినవాళ్లకు ప్రాసెసింగ్ ప్లాంట్ల ల్యాబుల్లో అడగడానికి ధైర్యం ఉంటుంది. చేరేముందు నైట్ షిఫ్టు ఉందా, బస్సు ఎక్కడి దాకా వస్తుంది అన్నది మాత్రం మీరే అడగండి. డిపాజిట్ కట్టమంటే లేచి వచ్చేయండి.

సాయంత్రాలు రెండు గంటలు గ్రామీణ బ్యాంకు ఆఫీస్ అసిస్టెంట్ పరీక్షకు కేటాయించమనండి. ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషు ఉండదు. రీజనింగ్ 40 ప్రశ్నలు, లెక్కలు 40 ప్రశ్నలు, మొత్తం 45 నిమిషాలు. తెలుగులోనే రాయొచ్చు, ఇంటర్వ్యూ లేదు. తప్పుకు పావు మార్కు పోతుంది కాబట్టి తెలియనిది వదిలేయాలి. వయసు గురించి కంగారొద్దు, ఓబీసీకి మూడేళ్ల సడలింపు కలుపుకుని 31 దాకా ఉంది.

ఆ సడలింపు రావాలంటే మామూలు కుల ధ్రువపత్రం చాలదు. మీ కులం కేంద్రం ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకుని, కేంద్ర నమూనాలో నాన్ క్రీమీ లేయర్ పత్రానికి (బీసీల్లో సంపన్న శ్రేణి కాదని చూపేది) ఇప్పుడే సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. పరీక్ష నెగ్గి, ఈ కాగితం లేక ఆగిపోవడం కంటే కడుపుకోత ఉండదు. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు, ఇంటిపేరు అక్షరం తేడా లేకుండా ఉన్నాయా చూడండి. ఈలోగా పెళ్లి కుదిరినా, ఉద్యోగం చేతికి వచ్చేదాకా ఆధార్‌లో ఇంటిపేరు మార్పించకండి.