అటకలో రకూన్ పిల్లలు

ప్రశ్న: మేము న్యూజెర్సీలో ఉంటున్నాం. మా ఇంటి అటకలో రకూన్ (కళ్ల చుట్టూ నల్లటి మచ్చలుండే, చెట్లెక్కే అడవి జంతువు) పిల్లల్ని పెట్టింది. అది వచ్చిపోయే కన్నం మూసేయవచ్చా?

జవాబు: ఇప్పుడే మూయకండి. పిల్లలు లోపల చిక్కుకుంటే తల్లి పైకప్పు చెక్కలను సైతం పీకేస్తుంది. తల్లి దూరమైతే పాలు తాగే పిల్లలు ఆకలితో చనిపోతాయి. తల్లి రకూన్‌కు వెలుతురు, మనుషుల అలికిడి గిట్టవు కనుక, అటకలో లైటు వేసి, రేడియోలో మాటల కార్యక్రమం పెట్టి ఉంచితే, సాధారణంగా తల్లే పిల్లలను ఒక్కొక్కటిగా నోట కరచుకుని మరో చోటికి తరలిస్తుంది. తర్వాత కన్నంలో నలిపిన కాగితాలు కుక్కి, కొన్ని రాత్రులు అవి కదలకుంటే, పిల్లల అరుపులు లేవని నిర్ధారించుకుని గట్టి ఇనుప జాలీ బిగించండి. ముద్దొచ్చినా పిల్లలను తాకవద్దు. రకూన్లు రేబిస్‌ను వ్యాపింపజేస్తాయి. కరిస్తే సబ్బునీటితో 15 నిమిషాలు కడిగి, వెంటనే వైద్యుణ్ని కలవండి. వాటి మలంలో ప్రమాదకరమైన నులిపురుగుల గుడ్లుండవచ్చు కాబట్టి పొడిగా ఊడ్చకండి.