సెల్ఫ్ మోటార్‌ను ఇంట్లో విప్పవచ్చు, కానీ మొత్తంగా మార్చే ముందు ఆలోచించండి

కారు స్టార్టర్ మోటార్‌ను, అంటే ఇంజన్‌ను తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్‌ను, మెకానిక్ లేకుండా ఇంట్లోనే మార్చుకోవచ్చా అని అడిగారు. మార్చుకోవచ్చు. తిరుపతిలో మా ఇంటి ఆవరణలోనే నా పాత డీజిల్ కారు సెల్ఫ్ మోటార్‌ను విప్పి బిగించాను కాబట్టి నిస్సందేహంగా చెబుతున్నాను. అయితే విప్పడం కంటే, విప్పవలసిన అవసరం ఉందా అని తేల్చుకోవడమే ముఖ్యమైన పని. మన ఊళ్ళో ఆ ఓపిక ఎవరికీ ఉండటం లేదని నా గట్టి అభిప్రాయం.

అమ్మను కాణిపాకం తీసుకువెళ్ళాలని తెల్లవారకముందే బయలుదేరిన రోజున, తాళం తిప్పగానే టక్కుమని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది. పక్కింటి పెద్దాయన వచ్చి, "బ్యాటరీ పోయింది నాయనా, కొత్తది వేయించు" అన్నారు. కరకంబాడిలో బ్యాటరీల కర్మాగారం ఉండటం వల్లనో ఏమో, ఇక్కడ బండి కదలకపోతే అందరి అనుమానమూ ముందుగా బ్యాటరీ మీదికే పోతుంది. నేను హెడ్‌లైట్లు వేసి, గోడ మీద పడుతున్న వెలుతురును చూస్తూ ఉండమని ఆయనను కోరి, మళ్ళీ తాళం తిప్పాను. వెలుతురు కొంచెం కూడా తగ్గలేదు. ఇంజన్‌ను తిప్పేటప్పుడు సెల్ఫ్ మోటార్ వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది కాబట్టి, బ్యాటరీ బలహీనంగా ఉన్నా, మోటార్ పట్టుకుపోయినా లైట్లు బాగా మసకబారాలి. మసకబారలేదంటే కరెంటు మోటార్ లోపలికి పోవడమే లేదని అర్థం.

అమ్మ ప్రయాణం ఆగకూడదని బావ ఆమెను ఆర్టీసీ బస్సులో తీసుకువెళ్ళడానికి సిద్ధమయ్యాడు. వెళ్ళే ముందు, "బావా, నేను చెప్పినప్పుడు ఒకసారి తాళం తిప్పు" అని, మల్టీమీటర్ పట్టుకుని బానెట్ కిందికి వంగాను. బ్యాటరీ 12.5 వోల్టులు చూపించింది. తాళం తిప్పగానే మోటార్‌కు కరెంటు కలిపే స్విచ్చు లాంటి సోలనాయిడ్ నుంచి మోటార్‌కు వెళ్ళే లావు బోల్టుకూ మోటార్ ఒంటికీ మధ్య మీటరు పెడితే, తాళం తిప్పిన క్షణంలో దాదాపు 12 వోల్టులు వస్తున్నాయి, అయినా మోటార్ తిరగడం లేదు. అంటే సోలనాయిడ్ బాగానే ఉంది, లోపం మోటార్‌లోనే, బహుశా లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లలో ఉంది. అక్కడ వోల్టులు రాకపోయి ఉంటే నా అనుమానం సోలనాయిడ్ కాంటాక్టుల మీదికి మళ్ళేది. ఈ చిన్న పరీక్ష చేయకుండానే "సెట్టు మొత్తం మార్చాలి" అని ఫోనులో తేల్చి చెప్పిన దుకాణం వారి మీద నాకు ఇప్పటికీ కోపమే. పాత మోటార్‌ను తిరిగి ఇవ్వడం కుదరదని కూడా వారే అన్నారు. మన డబ్బుతో కొన్న వస్తువు మనకు దక్కకూడదనడం ఏ న్యాయం?

ఇక విప్పే పని. ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగను తప్పనిసరిగా తీసివేయాలి. ఎందుకంటే మోటార్‌కు వచ్చే లావు తీగలో, తాళం తీసేసినా, కరెంటు ఎప్పుడూ ఉంటుంది. చాలా కార్లలో దానికి ఫ్యూజు కూడా ఉండదు. స్పానర్ పొరపాటున ఇంజన్‌కు తగిలితే మంటలాంటి నిప్పురవ్వలు లేస్తాయి. కారు కిందికి దూరవలసి వస్తే జాకీని మాత్రమే నమ్మకుండా గట్టి స్టాండ్ల మీద నిలిపి, చక్రాలకు రాళ్ళు అడ్డుపెట్టాలి. మా కారులో ఒక బోల్టు పైనుంచి అందింది, మరొకటి కిందినుంచే అందింది. చివరి బోల్టు ఊడే ముందు మోటార్ బరువును ఒక చేత్తో మోయడం మరువకూడదు.

బల్ల మీద పెట్టి వెనుక మూత తీస్తే, బ్రష్‌లు స్ప్రింగు ఒత్తిడి అందనంతగా అరిగిపోయి ఉన్నాయి. లోపల తిరిగే తీగచుట్ల భాగం, ఆర్మేచర్, మాత్రం చెక్కుచెదరలేదు. 1912లో కాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ రూపొందించిన సెల్ఫ్ స్టార్టర్ వచ్చిన నాటి నుంచి ఈ యంత్రం మూలసూత్రం మారలేదు. అరిగే భాగాలను మార్చుకుంటూ ఏళ్ళ తరబడి వాడుకోదగినది ఇది. నేను మోటార్‌ను ఒక పాత ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరకు తీసుకువెళ్ళి కొత్త బ్రష్‌లు వేయించి, ఆ బ్రష్‌లు ఆనే రాగి భాగాన్ని (కమ్యుటేటర్‌ను) శుభ్రం చేయించాను. కొత్త సెట్టు ధరతో పోలిస్తే అయిన ఖర్చు చాలా స్వల్పం. ఇటువంటి పనివారు మన ఊళ్ళో తగ్గిపోతున్నారంటే, మార్చడమే తప్ప బాగుచేయించడం మనం మానేయడమే కారణం. ఆర్మేచర్ కాలిపోయి ఉంటే మాత్రం కొత్త మోటార్ కొనక తప్పదు. అప్పుడు మోటార్ చివర ఉండే చిన్న పళ్ళచక్రం (పినియన్) పళ్ళను పాతదానితో లెక్కపెట్టి సరిచూసుకోండి.

బిగించేటప్పుడు మోటార్ ఆనుకునే చోట తుప్పును, జిడ్డును గీకివేయండి. మోటార్‌కు ఎర్తు ఆ లోహం ద్వారానే అందుతుంది. బ్యాటరీ తీగను ఆఖరున తగిలించి, గేరు న్యూట్రల్‌లో ఉందని చూసుకుని తాళం తిప్పండి. ఒక్కసారికి పది సెకండ్లకు మించి తిప్పకుండా, మధ్యలో మోటార్‌ను చల్లారనివ్వండి.

మోటార్ బయటికి తీసినప్పుడే టార్చి వేసి, పినియన్ పట్టి తిప్పే ఇంజన్ పెద్ద చక్రం (ఫ్లైవీల్) రింగు పళ్ళను చుట్టూ పరిశీలించండి. అవి విరిగి ఉంటే గేర్‌బాక్స్ దింపవలసి వస్తుంది కాబట్టి, ఆ పనిని మాత్రం ఇంట్లో పెట్టుకోకుండా గ్యారేజీకే అప్పగించండి.