పాటల పెట్టె: ఆ జుట్టేంటన్నా?

ప్ర: అన్నా, మా తమ్ముడు ఇంటర్ చదువుతున్నాడు, నెల నుంచి క్రాష్‌డైట్ అని స్వీడన్ బ్యాండ్ పాటలు పెట్టి ఇల్లు అదరగొడుతున్నాడు. ఫొటోలు చూస్తే మగపిల్లలు కళ్ళకి కాటుక, జుట్టు పిచ్చుక గూడు. ఎప్పుడో ఎనభైల్లో పోయిన వేషం మళ్ళీ ఎందుకు వేస్తారు వీళ్ళు?
– ఓ అక్క, వరంగల్

జ: అక్కా, ముందు కాటుక సంగతి. స్థానం నరసింహారావు గారు సత్యభామ వేషం కట్టి స్టేజి ఎక్కితే నాన్నలూ తాతలూ బళ్ళు కట్టుకుని వెళ్ళి చూశారు కదా, మగాడు రంగు పూసుకుంటే మనకి కొత్తేం కాదు, ఇక్కడ చేతిలో గిటార్ ఉంది అంతే.

ఇక ఎందుకు అంటే, ఈ బ్యాండ్ మొదలైంది 2000లో, స్టాక్‌హోమ్‌లో. పెట్టిన కుర్రాడు డేవ్ లెపార్డ్‌కి అప్పుడు ఇరవై ఏళ్ళు. 1992 జనవరిలో నిర్వాణా అనే బ్యాండ్ ఆల్బం నెవర్‌మైండ్ మైకేల్ జాక్సన్ ఆల్బం డేంజరస్‌ని దించి అమెరికాలో నంబర్ వన్ అయ్యాక ఈ జుట్టు బ్యాండ్లని పట్టించుకునే కంపెనీ లేదు, చిరిగిన స్వెట్టర్ వేసుకున్నోడే హీరో. ఎనభైల్లో లాస్ ఏంజెలెస్‌లో హెయిర్ స్ప్రే కొట్టుకోవడానికి ధైర్యమేం అక్కర్లేదు, వీధిలో అందరూ కొట్టుకునేవాళ్ళే. 2000లో కొట్టుకుని బస్సెక్కడానికి మాత్రం దమ్ము కావాలి. అందుకే వీళ్ళని కాపీ బ్యాండ్ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. 2005లో వచ్చిన మొదటి ఆల్బం రెస్ట్ ఇన్ స్లీజ్ ఓసారి మీ తమ్ముడి దగ్గర ఇయర్‌ఫోన్స్ లాక్కుని వినండి, రెండో పాటకే కాలు ఆడకపోతే నన్ను తిట్టండి.

ప్ర: ఈ రాక్ పాటల్లో గ్లామ్ అంటారు, స్లీజ్ అంటారు, తేడా ఏంటి సార్?
– డిగ్రీ స్టూడెంట్, కాకినాడ

జ: గ్లామ్ అంటే పెళ్ళి బారాత్, స్లీజ్ అంటే అదే బారాత్ అర్ధరాత్రి రెండింటికి. పాయిజన్ అనే బ్యాండ్ లాంటోళ్ళది మొదటిది, లిప్‌స్టిక్ కూడా చెరగదు. ఎల్.ఏ. గన్స్, ఫాస్టర్ పుస్సీక్యాట్, 1987లో వచ్చిన గన్స్ ఎన్ రోజెస్ మొదటి ఆల్బం, ఇవి రెండో రకం, గిటార్‌లో మురికి, గొంతులో సిగరెట్. క్రాష్‌డైట్ వేషం మొదటిది, మనసు రెండోది.

ప్ర: అమెరికా వాళ్ళ మ్యూజిక్ స్వీడన్ వాళ్ళకెందుకు? మన కుర్రాళ్ళు రాప్ పాడినట్టేనా?
– రిటైర్డ్ ఉద్యోగి, నెల్లూరు

జ: అసలు కథ తిరగబడి ఉంది సార్. పక్కనే ఫిన్లాండ్, హెల్సింకి నుంచి 1979లో హనోయ్ రాక్స్ అని ఓ బ్యాండ్ బయల్దేరింది, వీళ్ళని చూసే లాస్ ఏంజెలెస్ కుర్రాళ్ళు సగం స్టైల్ ఎత్తుకున్నారు, గన్స్ ఎన్ రోజెస్ అయితే వాళ్ళ పాత ఆల్బంలని తమ లేబుల్ మీద మళ్ళీ వేయించారు కూడా. అంటే ఆ పక్క నుంచి పోయిందే ఆ పక్కకి తిరిగొచ్చింది. ఫైనల్ కౌంట్‌డౌన్ పాడిన యూరప్ బ్యాండ్ కూడా స్టాక్‌హోమ్ పక్క ఊరిదే. ఇంకోటి, స్వీడన్‌లో మున్సిపాలిటీ మ్యూజిక్ స్కూళ్ళు నడుపుతుంది, పిల్లలకి తక్కువ ఫీజుకి వాయిద్యాలు నేర్పుతారు, బ్యాండ్ ప్రాక్టీస్‌కి గది కావాలంటే సర్కారు గ్రాంట్లతో నడిచే సంఘాలు సాయం చేస్తాయి. మన దగ్గర డ్రమ్స్ కొన్నవాడు మొదట పక్కింటాయనకి దణ్ణం పెట్టుకోవాలి. హార్డ్‌కోర్ సూపర్‌స్టార్, క్రేజీ లిక్స్, హీట్, ఈ బ్యాండ్లన్నీ ఆ దేశం నుంచే వచ్చాయంటే ఊరికే రాలేదు.

ప్ర: క్రాష్‌డైట్ సింగర్ చనిపోయాడట కదా, మరి ఇప్పుడు పాడేదెవరు?
– విజయవాడ రీడర్

జ: అవును. డేవ్ 2006 జనవరిలో పోయాడు, పాతికేళ్ళకే, మొదటి ఆల్బం వచ్చి ఏడాది కూడా కాలేదు. గిటార్ మార్టిన్ స్వీట్, బేస్ పీటర్ లండన్, డ్రమ్స్ ఎరిక్ యంగ్ మిగిలారు. 2007 ఆల్బంకి ఒలివర్ ట్విస్టెడ్, 2010, 2013 ఆల్బంలకి సైమన్ క్రూజ్, 2019లో రస్ట్, 2022లో ఆటోమేటన్ ఆల్బంలు వచ్చేసరికి గేబ్రియల్ కీస్. ఆ తర్వాత ఆయనా తప్పుకున్నాడు, జాన్ ఎలియట్ వచ్చాడు. నాకు సైమన్ గొంతు ఇష్టం, కానీ మొదటి ఆల్బంలో ఉన్న ఆకలి తర్వాత ఎవరి దగ్గరా వినపడలేదు, ఇది నా మాట, కొట్టుకోవద్దు.

ప్ర: క్రాష్‌డైట్ పేరులో ఇంగ్లిష్ ఐ మీద రెండు చుక్కలెందుకు? స్వీడిష్ అక్షరమా?
– గుంటూరు

జ: కాదు! స్వీడిష్‌లో ఎ మీదా ఓ మీదా చుక్కలుంటాయి గానీ ఐ మీద రెండు చుక్కల అక్షరమే లేదు. పేరు మీద చుక్కలు పెట్టుకున్న మోట్లీ క్రూ అనే అమెరికా బ్యాండ్ స్టైల్‌లో షోకి పెట్టుకున్నవి. తెలుగులో రాస్తే ఆ షోకు కూడా పోయింది పాపం.

ప్ర: మేం నలుగురం ఇలాంటి బ్యాండ్ పెడుతున్నాం, ఏ హెయిర్ స్ప్రే వాడాలి?
– బీటెక్ బ్యాచ్, విశాఖ

జ: అప్పట్లో వాళ్ళు ఆక్వా నెట్ డబ్బాలు డబ్బాలు కొట్టేవాళ్ళు. తల కిందికి వంచి, దువ్వెనతో కుదుళ్ళ వైపుకి దువ్వి చిక్కు చేసి, స్ప్రే కొట్టి, ఆరాక తల ఎత్తేవాళ్ళు. విశాఖ ఉక్కపోతలో అది మూడో పాట దాకా నిలబడితే గొప్పే. స్ప్రే తర్వాత చూద్దురు గానీ ముందు కోరస్ చూడండి, ఈ మ్యూజిక్ ప్రాణం అక్కడుంది. ఒక్కడే పాడితే తేలిపోతుంది, నలుగురూ ఒకే మైక్ చుట్టూ నిలబడి, వీలైతే హాస్టల్ వాళ్ళని కూడా పిలిచి, మ్యాచ్‌లో సిక్స్ కొట్టినప్పుడు అరిచినట్టు అరవాలి, అలాంటివి రెండు మూడు టేకులు ఒకదానిమీద ఒకటి వేస్తే గోడలు కదుల్తాయి.

కాటుక మాత్రం వాటర్‌ప్రూఫ్‌ది కొనండి. మా కాలేజీ ఫెస్ట్‌లో నేను అక్క డబ్బాలోది పూసుకుని ఎక్కాను, రెండో పాటకే చెంపల మీదకి కారింది, ముందు వరసలో లెక్చరర్ లేచొచ్చి "ఏడవకు నాన్నా, బానే వాయిస్తున్నావ్" అన్నారు.