పాత టేకు బల్లకు ఇంట్లోనే నూనె, వార్నిష్ కలిపి పూయడం

టేకు బల్లకు అద్దంలా మెరిసే పాలిష్ వద్దు, చెక్క చెక్కలాగే కనిపించాలి, నూనె-వార్నిష్ ఇంట్లో కలుపుకోవచ్చా అని అడిగారు. నిక్షేపంగా కలుపుకోవచ్చు. మా భోజనాల బల్లకూ, పుస్తకాల అలమరకూ నేను పూసింది అదే.

డబుల్ బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్, అంటే త్వరగా ఆరేలా తయారుచేసిన అవిసె నూనె ఒక పాలు, వార్నిష్ ఒక పాలు, మినరల్ టర్పెంటైన్ ఒక పాలు. వేరుశనగ, కొబ్బరి నూనెలు ఎన్నాళ్లయినా ఆరవు, వాటి జోలికి పోవద్దు.

చిక్కంతా వార్నిష్ కొనేటప్పుడే. పీయూ (పాలీయురెథేన్ వార్నిష్) అనగానే షాపులో చాలాసార్లు హార్డెనర్‌తో, అంటే గట్టిపడేందుకు కలిపే ద్రవంతో, రెండు డబ్బాలుగా వచ్చేది చేతిలో పెడతారు. అది ఇందులో కలవదు. నీళ్లతో పలచన చేసేదీ కలవదు. డబ్బా మీద పలచన చేయడానికి మినరల్ టర్పెంటైన్ వాడమని ఉంటే తీసుకోండి; మామూలు సింథటిక్ క్లియర్ వార్నిష్ చాలు. అనుమానముంటే చెంచాడు మిశ్రమం గాజు ముక్క మీద పలచగా రాసి చూడండి. రెండు రోజులకు కూడా వేలికి అంటుకుంటుంటే బల్ల మీద పూయకండి.

పాత పాలిష్ అంతా గీకేశాక 120, 180, 220 నంబరు శాండ్ పేపర్లతో వరసగా, చెక్క గీతల వెంటే రుద్దండి. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి పూసే ముందు ఒకసారి థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడిచెయ్యాలి. తర్వాత మిశ్రమం ధారాళంగా పట్టించి, పది పదిహేను నిమిషాలు ఆగి, మిగిలిందంతా పొడి గుడ్డతో తుడిచెయ్యండి. ఈ తుడవడంలోనే పనితనమంతా ఉంది. అరగంట తర్వాత వెలుతురుకు ఏటవాలుగా చూస్తే టేకు రంధ్రాల్లోంచి నూనె సన్నని చుక్కలుగా పైకి ఊరుతూ కనిపిస్తుంది. దాన్ని అలాగే వదిలేస్తే గట్టిపడి మెరిసే మచ్చలవుతాయి, మళ్లీ తుడవండి. పూతకూ పూతకూ మధ్య ఒక రోజు, వర్షాకాలమైతే రెండు రోజులు. మూడు పూతలు వేస్తే నిండుగా ఉంటుంది. రెండో పూత తడిగా ఉన్నప్పుడే 400 నంబరు పేపరుతో మెల్లగా రుద్దితే చెక్క పొడి, నూనె కలిసిన ముద్ద రంధ్రాల్లో కూరుకుని పైభాగం పట్టులా వస్తుంది.

దయచేసి ఒక్క విషయం మాత్రం తేలిగ్గా తీసుకోకండి. తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయొద్దు. అవిసె నూనె ఆరేటప్పుడు గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని వేడి పుట్టిస్తుంది. ఆ వేడి బయటికి పోకపోతే గుడ్డలు వాటంతటవే అంటుకుంటాయి. బయట తీగ మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచి ఉంచండి. పని జరిగేంతసేపూ కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా ఉండండి.

చివరి పూత తర్వాత రెండు మూడు వారాలు వేడి గిన్నెలు పెట్టకండి. ఆ తర్వాత ఎక్కడైనా గీత పడితే అక్కడి వరకే 320తో రుద్ది, మళ్లీ పూసి తుడిస్తే కలిసిపోతుంది. బల్లంతా గీకే పని ఉండదు.